నానమ్మ కప్పిన దుప్పటి

చున్‌చన్, జనవరి 6

ప్యో గారికి, కాలేజీ కార్యాలయం,

కాలేజీ టాబ్లెట్ కాలిపోయినందుకు నర్సింగ్ కోర్సులో నా సీటు రద్దు చేస్తామని నిన్న మీరన్నందువల్ల ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు.

కాలేజీ ఇచ్చిన టాబ్లెట్‌ను నేను ఛార్జింగ్‌లో పెట్టి బయటికి వెళ్లాను. ఇంకా ఇల్లు చేరని వాళ్ల అన్నం గిన్నెను, చలికాలంలో కింద నుంచి వెచ్చబెట్టే మా ఇంటి నేల మీద పెట్టి, దుప్పటి కప్పి ఉంచడం మా నానమ్మకు అలవాటు. టాబ్లెట్‌నూ అలాగే ఉంచింది. "పాపం, దానికీ చలేస్తుంది కదే" అంది. బ్యాటరీ ఉబ్బి దుప్పటి అంటుకుంది. ఆర్పబోతే ఆమె అరచేయి కాలింది.

"ముసలావిడకి మతి చెడిందని రాసివ్వమ్మా, నీ సీటుకి నాది పూచీ" అన్నారు మీరు.

అలా రాయను. ఛార్జింగ్‌లో ఉండగా కప్పకూడదని టాబ్లెట్‌తో ఇచ్చిన కాగితంలోనే ఉంది. మా ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే. చదివి కూడా ఆమెకు చెప్పలేదు. తప్పు నాదని సంతకం చేస్తున్నాను.

ఇలా రాసిన మనిషికి మీ కాలేజీలో చోటుందో లేదో పద్నాలుగో తేదీలోగా తెలపండి.