గట్టి స్ప్రింగులు

1984 నవంబరు, ఆదివారం రాత్రి

మెకానిక్ ఖాజా మొన్న నా మోటార్ సైకిల్‌కి కొత్త షాక్ అబ్జార్బర్లు బిగించాడు. వాటి స్ప్రింగులను మెత్తగానో గట్టిగానో మనమే తిప్పుకోవచ్చు. "రెండ్రోజులు తోలి సూడన్నా, నచ్చితేనే ఉంచుకో" అన్నాడు. ఇంత సోకు అవసరమా అనుకుంటూనే ఈరోజు మెత్తగా పెట్టి, నా భార్య సుశీలను ఎమ్మిగనూరులో వాళ్ళక్క ఇంటికి తీసుకెళ్ళాను.

ఆదోని దాటితే దారంతా పత్తి లారీలు తొక్కిన గుంతలే. అయినా ఒళ్ళు కదల్లేదు. "పరుపు మీద కూసున్నట్టుండాది, ఇవే ఉండనీ" అంది సుశీల. నాకూ హాయిగానే ఉంది, కానీ ఏదో వెలితి. ఎమ్మిగనూరు దగ్గర పడ్డాక తెలిసింది.

నలుగురూ చూస్తారని సుశీల బండి మీద నన్ను ముట్టుకోదు. గుంత వస్తేనే భుజం పట్టుకునేది. గుంత దాటాక కూడా, మరిచిపోయినట్టు, చెయ్యి కాసేపు అక్కడే ఉంచేది. ఈరోజు ఒక్కసారీ పట్టుకోలేదు.

సాయంత్రం ఆమె అక్కతో మాటలు ముగించుకుని వచ్చేలోపు స్ప్రింగులను గట్టిగా తిప్పేశాను.

మొదటి గుంతకే చెయ్యి భుజం మీద పడింది. "ఏంది, మళ్ళా పాతవాటి మాదిరే ఎగరేస్తాండాయి?" అంది.

చెయ్యి మాత్రం ఆదోని వచ్చేదాకా తియ్యలేదు. ఖాజాకి ఉంచుకుంటాననే చెబుతాను.