ఎర్ర పెట్టెలో నీ మాట

అన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. జువ్వలదిన్నె ఐస్ ఫ్యాక్టరీలో బోట్లకు టోకెన్లిచ్చే నీ ప్రోగ్రాం ఈ ఉదయం మొదటిసారి మొరాయించింది. వేటకు బయలుదేరాల్సినవాళ్లు నేను టోకెన్లిచ్చే కిటికీ దగ్గర గుమిగూడారు.

"ఏందక్కా, సముద్రం మాకోసం ఆగతాదా?" అన్నాడు ఒకాయన.

నెల్లూరు ఇంజినీరుకు ఫోన్ చేస్తే, "డేటాబేస్ కనెక్ట్ కావడంలేదు. మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాల, రెండురోజులు పడతాది" అన్నాడు.

తెర మీద మాటిమాటికీ వస్తున్న ఎర్ర పెట్టెను అంతవరకూ చదవకుండానే మూసేస్తున్నాను. ఈసారి చదివాను. నువ్వు తెలుగులోనే రాసిపెట్టావు: "చెల్లీ, నా ప్రోగ్రాంను తిట్టబాక. ముందు పక్కగదిలో సర్వర్ ప్లగ్గు చూడు."

వెళ్లి చూస్తే, వాచ్‌మన్ మస్తాన్ భాయ్ ఆ ప్లగ్గు పీకేసి రైస్ కుక్కర్ పెట్టుకున్నాడు.

"అన్నం ఉడికినాక మళ్లీ పెడదామనుకున్నాలేమ్మా" అన్నాడు తాపీగా.

సర్వర్ ప్లగ్గు మళ్లీ పెట్టాక, గంటలో బోట్లన్నీ ఐస్ నింపుకుని వెళ్లిపోయాయి. ఫోన్‌లో సంగతి చెబితే, ఆ సందేశం తీసేసి మామూలుది పెడతానన్నాడు ఇంజినీరు. వద్దన్నాను.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేనే ఆ ప్లగ్గు ఒకసారి పీకి వచ్చి, తెర ముందు కూర్చున్నాను. నువ్వు మళ్లీ 'చెల్లీ' అన్నావు.