ఏట్లో కుక్కలుంటాయా

మామకు,

దేవుని దయ వల్ల ఇక్కడ పిల్ల, అత్త, మేకలు, నేను అందరం బాగానే ఉన్నాం. నువ్వు ఆ గోవా సముద్రం మీద చల్లగా ఉండాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను. నా మీద కోపంగా ఉన్నావని తెలిసినా చేస్తున్నాను.

అత్త మోకాలి సంగతి అడిగావు. ఆదోనిలో చూపించాం, నూనె ఇచ్చారు, ఆమె రాసుకోదు. రాణి ఏడవకుండా అంగన్‌వాడీకి పోతోంది. నల్లమేక ఈనింది, రెండూ పోతుపిల్లలే. ఇవన్నీ ఫోనులో చెప్పకూడదా అంటావేమో. ఇంట్లో ఫోను మీ అన్న యేసేపు బావ జేబులో ఉంటుంది. నువ్వు చేస్తే స్పీకరు పెట్టి నడిమింట్లో ఉంచుతాడు. నేను తిన్నావా అని అడిగినా బావ వింటాడు, ఆయన పెండ్లాం ఎస్తేరక్క వింటుంది. నువ్వు కూడా ఆ మాట అందరి ముందూ అడగలేకే కదా ఉత్తరం రాసింది. ఇది నాతో కూలికొచ్చే రామక్క చేతికిచ్చి ఎమ్మిగనూరులో పోస్టు డబ్బాలో వేయిస్తున్నాను.

ఇక ఆ మాటకే వస్తాను. నీ ఉత్తరంలో మొదటి పేజీ అంతా నువ్వు వంట చేసే పడవ ముచ్చట్లు. సెలవులకొచ్చిన బాబులు సరదాకు గాలం వేస్తే పెద్ద చేప పడుతుందట, వాళ్ళు కర్రకున్న దారపు చుట్టు తిప్పి లాగేలోపల డాల్ఫిన్లు వచ్చి ఒళ్ళంతా కొరుక్కుని పోతాయట, పైకి తలకాయ ఒక్కటే వస్తుందట. ఆ బాబుల ముఖాలు చూసి నువ్వు పొయ్యి దగ్గర దాక్కుని నవ్వావట. రెండో పేజీ తిప్పితే ఏముంది? నువ్వు నిజంగా చేపలకేనా పోయేది, అన్న ఏమేమో చెబుతున్నాడు, ఏటికి పోవడం మానెయ్యి. ఈ రెండు పేజీలూ ఒక్క చేత్తోనే రాశావా మామా? సముద్రం దొంగల్ని కళ్ళారా చూశావు కాబట్టి నమ్మావు. ఏట్లో దొంగను నీ పెండ్లాం చూసి చెబితే నమ్మకూడదా?

నాకు ఉన్న ఒకే ఒక్క సరదా అది. వారమంతా పత్తి చేలల్లో నడుం వంచి, ఆదివారం ఆరాధన అయ్యాక తుంగభద్ర ఒడ్డున గాలమేసుకుని కూర్చుంటాను. ఈ ఎండాకాలం నీళ్ళు తగ్గి మడుగులు మిగిలాయి, ఆ మడుగుల్లోకి చేపల్ని వేటాడే నీటికుక్కలు దిగాయి. బెండు మునుగుతుంది, కర్ర వంగుతుంది, ఇంకొక్క లాగుడుకు చేప ఒడ్డున పడుతుందనగా దారం తేలికైపోతుంది. గాలానికి తలకాయ వేలాడుతుంటుంది, నోరు ఇంకా ఆడుతూ. ఆ ముదనష్టపుది అవతలి గుండురాయి మీద కూర్చుని, నా చేపను రెండు చేతుల్లో పట్టుకుని, నన్ను చూస్తూ తింటుంది. నోటికాడి కూడు లాక్కుంటే ఎట్లుంటుందో నాకు అప్పుడు తెలిసింది.

తలకాయలు ఇంటికి తెచ్చి పులుసు పెట్టాను. మీ అన్న ఆ పులుసుతోనే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, మందిరం ముందర పదిమందిలో ఏమన్నాడో తెలుసా? "ఏట్లో కుక్కలుంటాయా? మద్దేనమంతా ఆడ కూసున్న ఆడది తలకాయ తెస్తే, మరి ఒళ్ళు ఎవరు తిన్నట్టు?" అన్నాడు. ఏటి కాడ ఎవడికో పెట్టి వస్తున్నానని దాని అర్థం, అందరూ నవ్వారు. మరుసటి వారం నుంచి ఆరాధనలో పాట ఎత్తే పని నా నుంచి తీసేసి ఎస్తేరక్కకు ఇచ్చారు. పాస్టరయ్య నా ముఖం చూడడం మానేశాడు.

ముందు ఆ కుక్కనే చంపుదామనుకున్నాను. పత్తికి కొట్టే మందు మిగిలి ఉంటే చేప కడుపులో పోసి వేద్దామని సీసా తీసుకుని పోయాను కూడా. ఒడ్డున నేను గాలమేసే బండ మీద కూర్చున్నాక బుద్ధి వచ్చింది. అది చస్తే ఈ లోకంలో నాకున్న ఒక్క సాక్షీ చస్తుంది. జాలిపడ్డాననుకునేవు, జాలి కాదు. సీసా ఇంటికి తెచ్చి గుంత తీసి పూడ్చాను. ఆ రోజు నుంచి పని దిగి వస్తూ, చిన్న చేపలు పట్టి అదే బండ మీంచి దానికి వేశాను. కొన్నాళ్ళకు నా గొంతు వింటే చాలు, మీసాలు పైకెత్తుకుని వచ్చేది.

అప్పుడు బావకు గాలం వేశాను. అత్త ముందరే తల వంచుకుని చెప్పాను, ఆ మడుగులో పెద్ద వాలుగ చేప ఉంది బావా, ఆడదాని చేతికి లొంగేది కాదు, నేను ఓడిపోయినాను అని. ఆయన ఉబ్బిపోయాడు. ఆదోనికి పోయి దారపు చుట్టు ఉన్న కొత్త గాలం కర్ర కొన్నాడు. ఆదివారం పాస్టరయ్యను, సంఘంలో మగవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళు తుమ్మచెట్ల నీడకు పోయి పొయ్యి రాజేసుకుంటున్నారు. నేను బావను నా బండ మీద నిలబెట్టి, బుట్ట పట్టుకుని పక్కన నిలబడ్డాను.

వాలుగ పడింది మామా, అబద్ధం కాదు. బావ అరుపులకు ఏరు దద్దరిల్లింది. నేను మెల్లగా, నా కుక్కకు తెలిసేటట్టు, దగ్గాను. నల్లటి తల లేచింది, బావ ముఖంలోకి ఒకసారి చూసింది, మునిగింది. దారం తేలికైంది. మగవాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి బావ చేతిలో తలకాయ వేలాడుతోంది. నీటికుక్క, నీటికుక్క అని మడుగు వైపు వేలు చూపిస్తున్నాడు. "నువ్వు సూసినావు కదా ప్రేమా, సెప్పు వీళ్ళకు" అన్నాడు.

నీకు చెప్పడానికి ఇంతసేపు వెనకాడింది ఇదే. అవునని ఒక్క మాట అంటే చాలు, పాస్టరయ్య ముందర, సంఘం ముందర నా పేరు కడిగినట్టయ్యేది. ఆ మాట కోసమే ఆ కుక్కను మేపాను. నోరు తెరిచాను. బావ ముఖం చూశాను. "నేనేం సూడలే బావా. ఏట్లో కుక్కలుంటాయా?" అన్నాను.

అందరూ పడీపడీ నవ్వారు. ఇంటికొచ్చేదాకా నేనూ లోపల నవ్వుకుంటూనే వచ్చాను. ఇంట్లో కూర్చున్నాక తెలిసింది, నా సాక్ష్యాన్ని నేనే ఏట్లో కలిపానని. అయినా పశ్చాత్తాపం లేదు. ఇప్పుడు బావ పంతం పట్టి ప్రతి ఆదివారం ఏటికి పోతాడు, తలకాయలు తెస్తాడు. ఒళ్ళు ఎవతికి పెట్టి వస్తున్నావని ఎస్తేరక్క కూడు పెట్టడం మానేసింది.

నిన్న బావ మేకల కాడికి వచ్చి నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. ఎస్తేరుకు నిజం చెప్పమని బతిమాలాడు. మందిరంలో నా మీద అన్న మాట మందిరంలోనే లేచి వెనక్కి తీసుకో, అప్పుడు చెబుతానన్నాను. అది తన వల్ల కాదన్నాడు. "తమ్మునికి రాస్తాలే. నీ తప్పేం లేదని నేనే రాస్తా" అన్నాడు.

"రాయొద్దు బావా" అన్నాను. "నీ మాట మీద నన్ను నమ్మే మొగుడు నాకొద్దు."

ఆయన చేత రాయించలేదు. నాకిక సాక్షులెవరూ లేరు, నా మాట ఒక్కటే ఉంది. నువ్వేం నమ్ముతావో రాయి. అది వచ్చేదాకా నేను ఫోను దగ్గరికి రాను.

ఇట్లు,
ఆదివారం ఏటికి పోతున్న నీ భార్య,
ప్రేమలత