నర్సింగమ్మ స్కోపులో ఎర్ర చుక్క

భువనగిరి,
25 సెప్టెంబరు 2018

మహబూబ్‌నగర్ గురి స్పోర్ట్స్ యజమాని కురుమయ్య గారికి,

రిటైర్డ్ మహిళా కానిస్టేబుల్ నర్సింగమ్మ నమస్కరించి రాయునది.

మీ దుకాణానికి ఫోన్ చేస్తే పాట వచ్చింది. పాట అయిపోగానే లైను పోయింది. మళ్లీ చేసి మళ్లీ పాట విన్నాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నవంబరులో నల్లగొండలో మా విశ్రాంత సిబ్బంది సంఘం ఆటల పోటీలున్నాయి. వాటిలో ఎయిర్ రైఫిల్‌తో గురి కొట్టే పోటీ ఒకటి. పది మీటర్ల దూరం, మోచేతులు బల్ల మీద ఆనించవచ్చు. అందరికీ కంటి ఆపరేషన్లు అయ్యాయి కాబట్టి స్కోపు పెట్టుకోవచ్చని తీర్మానించారు. రైఫిళ్లు సంఘం ఇస్తుంది. స్కోపు మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి.

నా సంగతి దాచకుండా చెబుతాను. నౌకరీలో ఉన్నన్నాళ్లూ ఏటా ఫైరింగ్ ప్రాక్టీసుకు వెళ్లాను. ఒక్క గుండు కూడా నల్ల చుక్కకు తగల్లేదు. ఒక ఏడాది మాత్రం పక్క బోర్డు చుక్కకు తగిలింది. ఆ బోర్డు నిర్మలమ్మది, దాంతో ఆమెకు మెడల్ ఇచ్చారు. ఇప్పటికీ ఎక్కడ కలిసినా "అక్కా, నీ గుండ్లు యాడికి పోతయే?" అని పదిమందిలో అడుగుతుంది. చచ్చేలోపు ఒక్కసారి, ఆమె చూస్తుండగా, నల్ల చుక్క నడిమధ్యలో కొట్టాలి. నాకు వేరే కోరికలేమీ లేవు.

పింఛను మనిషిని. చవకలో మంచి స్కోపు ఏదో చెప్పగలరు.

ఇట్లు,
నర్సింగమ్మ

తా.క.: పిండిగిర్ని నడిపే మా ఆయన భిక్షం "గా బోర్డునే జర దగ్గరికి జరపుమని సంఘానికి రాయరాదు?" అంటున్నాడు. ఆ మాట మీరు పట్టించుకోవద్దు.

*

మహబూబ్‌నగర్,
3 అక్టోబరు

గౌరవనీయులైన నర్సింగమ్మ గారికి,

కురుమయ్య నమస్కారాలు. ఫోన్లో ఆ పాట మా అల్లుడు పెట్టి దుబాయి పోయాడు. తీసేయడం మాకు రాదు.

అమ్మా, స్కోపు మీద పెద్ద పెద్ద అంకెలు చూసి ఆశపడవద్దు. పది మీటర్లకు నాలుగు రెట్లు పెద్దగా చూపేది చాలు. చవక స్కోపులు చాలావరకు దూరపు గురికి సరిచేసి వస్తాయి, దగ్గరి బొమ్మ వాటిలో మసకగా ఉంటుంది. కనుక ముందు అద్దం దగ్గర తిప్పే రింగు ఉన్నదే తీసుకోవాలి. ఆ రింగును పది మీటర్ల దగ్గర పెడితే బొమ్మ తేటపడుతుంది. ఇంకొకటి, ఎయిర్ రైఫిల్ స్ప్రింగు ముందుకూ వెనక్కూ రెండు వైపులా తంతుంది. ఆ తాపులకు తట్టుకునేలా చేసిన స్కోపే కొనాలి. లేకపోతే లోపలి గీతలు ఊడిపోతాయి.

అలాంటిది మా దగ్గర ఒకటి చవకలో ఉంది, పంపిస్తున్నాను. లోపల అడ్డం ఒకటి, నిలువు ఒకటి నల్ల గీతలుంటాయి. అంతే. రంగులు, దీపాలు ఉండవు.

మీ మేలు కోరే,
కురుమయ్య

తా.క.: బోర్డును జరపడం నిజంగానే అన్నిటికంటే చవక. కానీ అందులో మాకు వ్యాపారం లేదు.

*

భువనగిరి,
29 అక్టోబరు

కురుమయ్య గారికి,

నర్సింగమ్మ నమస్కారాలు. స్కోపు దసరా ముందురోజు అందింది. పండుగ పనుల్లో పడి, పండుగ వెళ్లాకనే సంఘం ఇచ్చిన రైఫిలుకు బిగించాను.

రంగులు ఉండవని రాశారు. మీ వినయం మెచ్చుకోదగ్గదే. కానీ ఇందులో కన్ను పెట్టగానే మధ్యలో ఎర్రని చుక్క, కాస్త మసకగా, పొద్దు పొడిచినట్టు కనిపిస్తోంది. ముందు అద్దానికి ఖరీదైన ఎర్ర పూత కూడా ఉంది. గిర్ని వెనక గోడకు కాగితం అంటించి కొడుతున్నాను. నిన్న నల్ల చుక్క అంచు చిరిగింది! ఇరుగుపొరుగును పిలిచి చూపించాను. ఇక నడిమధ్యలో తగలడమే మిగిలింది.

సంతోషంతో,
నర్సింగమ్మ

తా.క.: మా సంఘంలో యాదమ్మ కూడా ఎర్ర చుక్కది కావాలంటోంది. ఆమెకు ఒక కన్నే పనిచేస్తుంది. ధర సగం చేస్తారా అని అడగమంది.

*

మహబూబ్‌నగర్,
2 నవంబరు

నర్సింగమ్మ గారికి,

కురుమయ్య నమస్కారాలు. మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను. ఎర్ర చుక్క ఉండేది వేరే రకం, చాలా ఖరీదైనది. మా గోడౌనులో పెట్టెలు మారి, మీకు అది వచ్చినట్టుంది. తప్పు మాదే. దయచేసి వెంటనే వాపసు పంపండి, మీది మీకు పంపిస్తాం.

ఆందోళనతో,
కురుమయ్య

తా.క.: ఎర్ర చుక్క బ్యాటరీతో వెలుగుతుంది. పంపేముందు బ్యాటరీ తీసేయండి. యాదమ్మ గారికి సగం ధర కుదరదని చెప్పగలరు.

*

భువనగిరి,
6 నవంబరు

కురుమయ్య గారికి,

నమస్కారం. పెట్టె మీద మీ దుకాణం ముద్ర ఉంది. బిల్లు ఉంది. పెట్టె తెచ్చిన మనిషిని వాంగ్మూలం అడిగాను, దారిలో ఎవరూ మార్చలేదన్నాడు. కాబట్టి వస్తువు నాది.

మీరు చెప్పారని బ్యాటరీ కోసం స్కోపంతా వెతికాను. బ్యాటరీ లేదు. దాన్ని పెట్టే చోటు కూడా లేదు. బ్యాటరీ లేకుండానే వెలిగే స్కోపును వాపసు ఇచ్చేంత అమాయకురాలిని కాను. పోటీ అయ్యేదాకా ఇవ్వను. నా బాధ మీకు అర్థం కావడం లేదు. ఇది పోతే నేను మళ్లీ ఆ పాత నర్సింగమ్మనే.

ఇట్లు,
నర్సింగమ్మ, రిటైర్డ్ పి.సి.

తా.క.: మా ఆయన కూడా "వాపస్ ఇయ్యకు. గింత మంచిగ పనిచేస్తాందంటె దాంట్ల దైవబలం ఉన్నది" అంటున్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నన్ను సమర్థించడం ఇదే మొదలు.

*

మహబూబ్‌నగర్,
12 నవంబరు

నర్సింగమ్మ గారికి,

గోడౌను మొత్తం తీసి చూశాం. ఖరీదైనవన్నీ ఇక్కడే ఉన్నాయి. మీకు వచ్చింది చవకదే. అంటే అందులో ఎర్ర చుక్క ఉండే వీలే లేదు. అయినా మీకు కనిపిస్తోంది. ఇది చాలా పెద్ద లోపం. చెడిపోయిన స్కోపుతో మీరు ఓడిపోతే పదిమందిలో మా దుకాణం పేరు పోతుంది. మిర్యాలగూడలో మా వాళ్ల పెళ్లి ఉంది. దారిలో నల్లగొండలో దిగి, పోటీ నాడు నేనే స్వయంగా చూస్తాను.

అప్పటిదాకా స్కోపు మీద చెయ్యి వేయకండి.

కురుమయ్య

తా.క.: ఎర్ర చుక్క సంగతి ఇంకెవరికీ చెప్పకండి. నిన్న రిటైర్డ్ ఎస్సై ఒకాయన దుకాణానికి వచ్చి, బ్యాటరీ లేకుండా వెలిగేది కావాలని సాయంత్రం దాకా కూర్చున్నారు.

*

భువనగిరి,
27 నవంబరు

కురుమయ్య గారికి,

నర్సింగమ్మ నమస్కరించి రాయునది. మీరు వచ్చారు, స్కోపు అద్దం తుడిచారు, పెళ్లికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏమైందో మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

మీ తెల్ల గుడ్డ ఎర్రబడగానే మా ఆయన చెప్పింది మీరూ విన్నారు. "దసరనాడు గిర్నికి పెట్టిన, బండికి పెట్టిన, కుట్టుమిషనుకు పెట్టిన. గిది అసలే ఆయుధమాయె, దీనికి పెట్టకుంటె ఎట్ల? పెట్టె తీసి పెద్ద అద్దానికి మంచిగ కుంకుమ బొట్టు పెట్టిన." పోలీసు మనిషినై ఉండి, ఆయుధపూజ బొట్టును ఖరీదైన పూత అనుకున్నాను.

"ఇగ సూడుండ్రి, అద్దం లెక్క ఉన్నది" అని మీరు బస్సెక్కారు. నిజంగానే అద్దంలా ఉంది. అదే నా కొంప ముంచింది. నల్ల చుక్క తేటగా కనిపించింది. దాని మీద మీ గీతలు గజగజ వణుకుతున్నాయి! నా చేతులు అంతగా వణుకుతాయని అంతవరకూ నాకు తెలియదు. గీత చుక్క మీదికి రాగానే, మళ్లీ పోతుందేమోనని గబుక్కున నొక్కాను. మొదటి గుండు షామియానా కర్రకు తగిలింది. రెండోది ఎక్కడికి పోయిందో ఇంకా విచారణలో ఉంది. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు కుర్చీలు తీసుకుని వెనక్కి పోయారు.

"జర కుంకుమ తే!" అని మా ఆయన మీద అరిచాను. ఆయన జేబుల్లో గిర్ని తాళాలు తప్ప ఏమీ లేవు. సిగ్గుతో రైఫిలు కింద పెట్టేశాను.

అప్పుడు నిర్మలమ్మ లేచి వచ్చింది. అప్పటికే ఆమెది మొదటి స్థానం. ఎగతాళి చేస్తుందనుకున్నాను. తన నుదుటి స్టిక్కర్ బొట్టు తీసి, స్కోపు ముందు అద్దం నడుమ అంటించింది. నా చెవిలో ఇలా అంది: "తేటగ కనవడితెనే బుగులయి చెయ్యి వణుకుతది అక్కా. సర్వీసంత నేను కండ్లు సగం మూసుకునే కొట్టిన. ఎవలకు చెప్పకు."

స్టిక్కరుతో ఎరుపు రాలేదు, మసక మాత్రం వచ్చింది. వణుకు ఆ మసకలో కలిసిపోయింది. కనిపించని దాని కోసం తొందరపడేది ఏముంది? మెల్లగా నొక్కాను. నడిమధ్యలో చిల్లు పడింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. నిర్మలమ్మ నాకంటే గట్టిగా ఏడ్చింది. మొదటి బహుమతి ఆమెకే వచ్చింది. నాకు ఏ బహుమతీ రాలేదు, అక్కరలేదు కూడా.

మీ దుకాణం పేరు ఏమీ పోలేదు. మీరు తుడవకపోతే నిర్మలమ్మ లేచి వచ్చేదే కాదు.

కృతజ్ఞతలతో,
నర్సింగమ్మ

తా.క.: మా సంఘానికి ఆరు స్కోపులు పంపండి. అన్నిటికంటే చవకవే పంపండి. చుక్కలు మేమే పెట్టుకుంటాం.