కణుజు మెడలో వైరు

బుధవారం, అనకాపల్లి

ఫొటోల కోసం మూడు రోజులు రావికమతం కొండల్లో వానకు తడిశాక ఈ రోజు కణుజు దుప్పి కనిపించింది. మంచు కాస్త విడగానే నాలుగు ఫొటోలు తీశాను. పెద్దవి చేసి చూస్తే దాని మెడలో వైరు, చర్మంలోకి దిగిపోయి ఉంది.

నాకు దారి చూపే సోములు కెమెరా తీసుకుని ఆ ఫొటో చూశాడు.

"ఆ బండి క్లచ్ వైరు నేను కట్టిందే బావ. సేనులోకి అడివి పందులు రాకండా ఉచ్చేసి కట్టేను. ఈ ఫొటో ఎవురికీ సూపించకు."

"ఫారెస్టోళ్లకి సెప్పకపోతే అది సచ్చిపోద్ది బావ," అన్నాను.

అతను వానలోనే చేనుకు వెళ్లి, మిగతా వైర్లన్నీ తెంపి తెచ్చి నా ముందు పడేశాడు.

"ఇప్పుడు పంపించు," అన్నాడు.

కాళ్లు పీకుతున్నాయి. అనకాపల్లి చేరగానే తడి బట్టలు కూడా మార్చుకోకుండా ఫారెస్టోళ్లకి ఫొటో పంపాను. రేపే వెతకడానికి వెళ్తామన్నారు. వైరు ఎవరు కట్టారని కూడా అడిగారు.

దానికి ఇంకా జవాబివ్వలేదు.