ఖాళీ పేజీకి నక్షత్రం

మూడో తరగతి టీచరు గారికి,

కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. మా అమ్మాయి మిగతా పిల్లలకన్నా నిదానంగా నేర్చుకుంటుందని తెలిసీ మీ తరగతిలో చేర్చుకున్నారు. ఆ మేలు మరచిపోను. కానీ సోమవారం హోంవర్క్ పుస్తకంలో నేను కావాలనే ఖాళీ పేజీ పంపాను. దానికీ ఎర్ర సిరాతో "వెరీ గుడ్", పక్కన నక్షత్రం! ఏం చూసి పెట్టారండీ?

గేటు దగ్గర అడిగితే, "పాపం, పసిదాన్ని ఎందుకండీ కష్టపెట్టడం?" అన్నారు. పక్క పిల్ల లెక్క తప్పు చేస్తే మళ్లీ చేయిస్తారు కదా! మా పిల్లకు మూడు లెక్కలే ఇవ్వండి, కాస్త ఎక్కువ టైము ఇవ్వండి. తప్పు చేస్తే తప్పని చెప్పండి.

నిన్న ఇంట్లో టీచరాట ఆడుకుంది. బొమ్మలన్నిటినీ గోడవారన కూర్చోబెట్టి, నా కళ్లజోడు అచ్చం మీలాగే ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కొక్కదాన్నీ లేపి రెండో ఎక్కం చెప్పమంది. చివరి బొమ్మ దగ్గరికొచ్చేసరికి తల నిమిరి, "నువ్వు కూర్చోమ్మా, నీకు రాదుగా" అని వదిలేసింది.

ఆ బొమ్మకు తన పేరే పెట్టుకుంది టీచరు గారూ. రేపు దాన్ని కూడా లేపి అడగండి.

కిటికీ పక్క బెంచీ పిల్ల తల్లి