గట్టు చెక్కినవాడు

నయీమ్, మనామా
11 ఫిబ్రవరి 2004

చిరంజీవి సౌభాగ్యవతి ముత్తెమ్మకు నీ పెనిమిటి రాజనర్సు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడి క్షేమం ఈసారి అడగలేకపోతున్నాను. పక్క పొలం లచ్చన్న చచ్చిపోయి, నీ తమ్ముడు స్వామి జైల్లో ఉంటే ఎవరి క్షేమమని అడగను?

నువ్వు మన బిడ్డ స్వర్ణచేత రాయించిన ఉత్తరం మొన్న అందింది. జ్వరం తగ్గిందా అన్నావు, తగ్గింది. ఇప్పుడు నా పని ఇళ్ళు కట్టడం కాదు, పాత కోట దగ్గర పూర్వకాలపు గోడలు బయటపెట్టే తవ్వకం. పారలు తీసుకుని తాపీలు, బ్రష్షులు చేతికిచ్చారు. మట్టి రంగు మారిన చోట ఆగిపోవాలి. ఆ రంగును బట్టి పాత గోడ ఎంత జరిగిందో మా సూపర్‌వైజర్ ఇట్టే చెప్పేస్తాడు.

ఆయనే ఒక కథ చెప్పాడు. పదహారు వందల ఏళ్ళ కిందట షాపూర్ అనే ఇరాన్ రాజు రాజ్యం పెంచుకుంటూ సముద్రం దాటి ఈ ఒడ్డుకు వచ్చాడట. దొరికినవాళ్ళను దొరికినట్టు నరికించాడట. బావులు పూడ్పించాడట. బందీల భుజాలు పొడిపించి, ఆ రంధ్రాల్లో తాళ్ళు గుచ్చి, వరసగా నడిపించాడట. నిజమో కాదో గానీ ఇప్పటికీ చెప్పుకుంటారట. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత రాజ్యం ఉండి ఈ ఇసుక కూడా కావాల్సివచ్చిందా నీకు అని వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. రూముకు వచ్చేసరికి నీ ఉత్తరం ఉంది.

నాట్లకు ముందు గట్టు చెక్కుతుంటే లచ్చన్న అడ్డం వచ్చాడని, స్వామి పారతో మెడ మీద కొట్టాడని, రెండో దెబ్బకు మడిలో పడ్డాడని, నీళ్ళు ఎర్రబడ్డాయని రాశావు. పడేముందు లచ్చన్న, "ఈ గట్టు సంగతి మీ బావకు ఎరుకే, అడుగుపో" అన్నాడట. ఆ మాటకు అర్థమేమిటని అడిగావు. గట్టు మనదేనని రాసి పంపితే వకీలుకు చూపిస్తానన్నావు.

రాయలేను ముత్తెమ్మా. ఇక్కడికి రాకముందు నాలుగేళ్ళు, నాట్లప్పుడల్లా మన వైపు గట్టును జానెడు చెక్కి ఆ మట్టి లచ్చన్న వైపు మెత్తి, గట్టును వాడి పొలంలోకి జరిపాను. ఒకసారి అడగడానికి వస్తే పార ఎత్తి తరిమాను. పొలం అప్పగించిన స్వామికి మాత్రం గట్టు మనదేనని, ఎవడొచ్చినా వదలొద్దని చెప్పి విమానం ఎక్కాను. వాడు నా మాట నమ్మాడు. నాకు సిగ్గుగా ఉంది.

స్వర్ణా, ఇది చదువుతున్నది నువ్వే కదా బిడ్డా. గొంతు తగ్గించకు. అమ్మ వద్దన్నా సరే, లచ్చన్న భార్య పోచవ్వ ముందు కూచుని ఈ కాగితం మొదటినుంచి చదువు. చంపింది మీ మామ. చంపించింది మీ బాపు.

ఇట్లు,
లచ్చన్న పొలం తిన్న నీ పెనిమిటి
రాజనర్సు